పద్నాలుగో లైను తర్వాత

హెడ్మాస్టరు తన గది తలుపు ఎప్పుడూ మూయడు. గాలి ఆడాలంటాడు. అసలు సంగతి ఏమిటంటే, వరండాలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో ఆయనకి వినబడాలి. అలాంటి మనిషి మంగళవారం పొద్దున్న పదింటికి తనే లేచి తలుపు మూసి గడియ పెట్టేసరికి టీచరు కుర్చీ దగ్గరే నిలబడిపోయింది.

"కూర్చోండమ్మా," అన్నాడు.

ఆయన 'అమ్మా' అన్నాడంటే కబురు మంచిది కాదని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు.

బల్ల మీద ఉన్న కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. పరీక్షల ఆఫీసు నుంచి వచ్చింది. ఆమె అలవాటు కొద్దీ మొదటి లైను కింద చూపుడువేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. మూడో లైను దగ్గర వేలు ఆగిపోయింది. అయిదో తరగతి ఏ సెక్షన్, తన తరగతే. చదివి జవాబులు రాసే పరీక్ష. నాలుగో ప్రశ్నకి ముప్ఫై ఒక్కమంది పిల్లలూ ఒకే తప్పు జవాబు రాశారు. టీచరే చెప్పి రాయించినట్టు అనుమానం. విచారణ రేపు పదకొండు గంటలకి.

"ముప్ఫై ఒక్కమంది ఒకే ఒప్పు రాస్తే బాగా చదివారనుకుంటారు," అన్నాడు హెడ్మాస్టరు. "ఒకే తప్పు రాస్తే ఎవరో చెప్పారనుకుంటారు. పైగా బీ సెక్షన్లో ఇరవై తొమ్మిది మందీ ఒప్పే రాశారు. అదే బడి, అదే రోజు, అదే పేపరు."

"మా పిల్లలు ఏం రాశారు సార్?"

"లేదు అని రాశారట."

"ఏం లేదు?"

"అదే నాకూ అంతుపట్టలేదు. పడవవాడు ఆ సాయంత్రం పడవ ఎందుకు తీయలేదు అని ప్రశ్న. తుఫాను వస్తుందని. అది జవాబు. మీవాళ్లేమో లేదు అని రాసి కూర్చున్నారు."

"కథలో ఏముందో మీరు చూశారా సార్?"

"కీలో ఉందమ్మా," అన్నాడాయన ఓపిగ్గా. కీ అంటే దిద్దేవాళ్లకి ఇచ్చే సరైన జవాబుల కాగితం. దానికి మించిన సాక్ష్యం ఇంకేం కావాలన్నట్టు ఉంది ఆయన చూపు.

ఆమె ఆ కథ చూడలేదు. సొంత తరగతి పరీక్ష హాల్లోకి టీచరు అడుగు పెట్టకూడదు, ఆ పేపరు తాకకూడదు. పరీక్ష అయిన అరగంటలో జవాబులతో పాటు ప్రశ్నపత్రాలు కూడా మూటగట్టి సీలు వేసి తీసుకుపోతారు. ఏ తప్పు చేశావని ఆమెని అడుగుతున్నారో ఆ తప్పుకి మూలమైన కాగితాన్ని ఆమె కంటితో కూడా చూడలేదు.

హెడ్మాస్టరు సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. టైపు చేసి సిద్ధంగా ఉంది. పిల్లలకి పొరపాటున సూచన ఇచ్చాను, మన్నించండి అని సారాంశం. దీని మీద సంతకం పెడితే కేసు ఇక్కడితో ఆగుతుందని, ఆమెని ఆఫీసు పనికి మారుస్తారని, పిల్లల పరీక్ష రద్దు చేసి సెలవుల్లో మళ్లీ రాయిస్తారని చెప్పాడు. పెట్టకపోతే? ఆమెది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. విచారణలో తప్పు తేలితే పొడిగించరు. ఆ మచ్చతో ఇంకే బడిలోనూ సుద్దముక్క పట్టుకోనివ్వరు.

"రేపు పదకొండు దాకా ఆలోచించుకోండి. నేనూ వస్తున్నాను, ఈ కాగితం పట్టుకునే వస్తాను," అని ఆయన లేచి తలుపు తీశాడు.

తరగతి గది దాకా నడిచిన ఆ ముప్ఫై అడుగులూ ఆమెకి తర్వాత గుర్తు లేవు.

మూడేళ్ల కిందట ఆమె ఈ బడికి వచ్చినప్పుడు అయిదో తరగతి పిల్లలకి నోరే తప్ప కళ్లు లేవు. కథలో కుందేలు ఎందుకు ఏడ్చిందని అడిగితే ఒకడు ఆకలేసింది అనేవాడు, ఇంకోడు వాళ్ల నాన్న కొట్టుంటాడు అనేవాడు. ఎవరి ఇంటి కష్టం వాళ్లు కుందేలుకి తగిలించేవాళ్లు. ఆమె వాళ్లని తిట్టలేదు. ప్రతి జవాబుకీ ఒకే ఒక్క మాట అడిగేది. ఎక్కడుంది?

మెల్లగా ఒక పద్ధతి పడింది. కథ చేతికి రాగానే పిల్లలు పెన్సిల్‌తో ప్రతి లైను పక్కన అంకె వేసుకోవాలి. జవాబు చెప్పేటప్పుడు ఆ లైను మీద వేలు పెట్టాలి. రాసేటప్పుడు పక్కన లైను నంబరు వెయ్యాలి. వేలు పెట్టడానికి చోటు లేకపోతే అది జవాబు కాదు, కబుర్లు. పిల్లలు ఆమెకి చాటుగా 'ఎక్కడుంది టీచర్' అని పేరు పెట్టారు. ఒక తల్లి బడికి వచ్చి మరీ మొర పెట్టుకుంది. మావాణ్ణి తిన్నావా అంటే తిన్నాను అనడం మానేశాడు టీచర్, ఎంగిలి కంచం తెచ్చి నా ముందు పెడుతున్నాడు అని.

మొదటి బెంచీలో, అందరూ చీమ అని పిలిచే పిల్ల ఉంటుంది. తరగతిలో అందరికన్నా చిన్నది, గొంతు కూడా అంతే. ఎప్పుడూ ఒకటే పొరపాటు చేస్తుంది. కథ పేరుని కూడా ఒక లైనుగా లెక్కపెడుతుంది. అందరిదీ మూడో లైను అయితే దానిది నాలుగు. టీచర్ పదిసార్లు చెప్పి చూసింది. "పేరు కూడా రాసిందే కదా టీచర్, దాన్నెందుకు వదిలెయ్యాలి?" అని అడిగేది. మొండిఘటం. ఆ చీమే ఒకరోజు ఇంకో ప్రశ్న వేసింది. "జవాబు కథలో లేకపోతే వేలెక్కడ పెట్టాలి టీచర్?"

ఆమె కాస్త ఆలోచించి, మొదటి లైను నుంచి చివరి లైను దాకా వేలు జరుపుకుంటూ వెళ్లమంది. ఎక్కడా దొరక్కపోతే లేదు అని రాసి, ఎన్ని లైన్లు చూశారో కూడా రాయమంది.

ఇప్పుడు ఆ మాటే మెడకి చుట్టుకుంది.

తరగతిలోకి వెళ్లి నాలుగో ప్రశ్నకి ఏం రాశారని అడిగింది. లేదు అని రాశామన్నారు. బాగా చూశారా అంది. చివరిదాకా చూశామన్నారు. చీమ రెండుసార్లు చూసిందట. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, బొమ్మలో మాత్రం నల్లమబ్బులు, మెరుపు ఉన్నాయి టీచర్, కానీ మీరు బొమ్మ కాదు లైను చూపించమంటారు కదా, అందుకని రాయలేదు అన్నాడు. మెచ్చుకుంటుందేమోనని నిలబడే ఉన్నాడు.

ఆమె మెచ్చుకోలేకపోయింది. ఒక భయం పురుగులా తొలచడం మొదలుపెట్టింది. పిల్లలు నిజంగా వెతికారా? లేక ఆలోచించడం కష్టమైనప్పుడు తప్పించుకోవడానికి తనే వాళ్లకి ఒక దారి నేర్పిందా? లేదు అని రాసేస్తే చాలు, పని అయిపోతుంది. ముప్ఫై ఒక్కమందీ ఒకే దారిన తప్పించుకున్నారేమో.

సాయంత్రం భర్తకి చెబితే అతను సంతకం పెట్టెయ్యమన్నాడు. ఆఫీసు పని అయితే ఏం, కుర్చీ కుర్చీయే కదా అన్నాడు. మేడ మీద వాటాలో దీపం వెలిగింది. ఆ వాటా భర్త అక్కది. వదిన కూడా అదే బడిలో టీచరు, అదే అయిదో తరగతి, బీ సెక్షన్. ఆ రోజు ఏ సెక్షన్ పిల్లలకి హాల్లో కాపలా ఉన్నది వదినే.

పొద్దుటి నుంచి ఆమె ఆ ఆలోచనని తోసేస్తూనే ఉంది. ఇప్పుడు తోయలేకపోయింది. మెట్లెక్కింది.

వదిన బట్టలు ఇస్త్రీ చేస్తోంది. పక్కన మడతలు పెట్టినవి ఒక దొంతర, పెట్టనివి రెండు దొంతరలు.

"వదినా, ఆ రోజు హాల్లో మా పిల్లలతో ఏమన్నా అన్నారా మీరు?"

వదిన ఇస్త్రీపెట్టెని నిలువుగా పెట్టింది. "అంటే?"

"మీవాళ్లందరూ ఒప్పు రాశారు. మావాళ్లందరూ తప్పు రాశారు. రెండు సెక్షన్ల మధ్య ఉన్నది మీరొక్కరే."

"ఎక్కడుంది?" అంది వదిన.

"ఏది?"

"నేను నీ పిల్లల్ని చెడగొట్టానంటున్నావు కదా. అది ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు. పదేళ్ల పిల్లలకి ఒక నీతి, ఆడపడుచుకి ఒక నీతీనా అమ్మాయ్?"

ఆమెకి చెంపదెబ్బ తిన్నట్టయింది. ఇన్నేళ్లుగా పిల్లలకి నూరిపోసిన మాటని ఒక్కరోజు భయం వెయ్యగానే తనే తుంగలో తొక్కింది.

వదిన మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుని, ఈసారి మామూలు గొంతుతో జరిగింది చెప్పింది. హాల్లో ఆవిడ నోరే విప్పలేదు. పిల్లలే మొదటి పది నిమిషాలూ ఎలకలు కొరికినట్టు చప్పుడు చేసుకుంటూ ప్రశ్నపత్రంలో లైన్ల పక్కన పెన్సిల్‌తో అంకెలు వేశారు. వింతగా ఏది కనబడినా రాయమని రూలు కాబట్టి కాపలా నివేదికలో ఆవిడ ఒక్క ముక్క రాసింది. పిల్లలు ప్రశ్నపత్రం మీద అంకెలు వేశారు అని.

"చూసింది రాశాను. నీ మీద కోపంతో కాదు. తప్పా?"

తప్పు కాదు. కానీ ఆ పద్ధతి తెలియనివాళ్లకి ఆ ముక్క ఎలా కనబడుతుంది? ముందే చెప్పుకున్న గుర్తులు, సైగలు. ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టెయ్యమనే లోకం ఇది. ఇప్పుడు ఎద్దూ ఉంది, తాడూ ఉంది.

ఆమె మెట్లు దిగుతుంటే వదిన వెనకనుంచి అంది. "ఆ కథ సంపాదించి చదువు ముందు. నేనూ చదవలేదు, మీ హెడ్మాస్టరూ చదవలేదు. చదవకుండానే అందరం తీర్పులు చెబుతున్నాం."

మర్నాడు పదకొండుకి అయిదు నిమిషాలుండగా ఆమె పరీక్షల ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. గది నిండా ఇనప బీరువాలు. వాటి పైన తాళ్లతో కట్టిన కాగితాల మూటలు. తిరిగినప్పుడల్లా టకటకలాడే ఫ్యాను. బల్ల వెనక అధికారిణి, కళ్లద్దాలకి తాడు కట్టి మెడలో వేసుకున్న మనిషి. పక్కన ఫైళ్లు అందించే గుమాస్తా. కిటికీ దగ్గర కుర్చీలో హెడ్మాస్టరు, ఒళ్లో టైపు కాగితం, చేతిలో మూత తీసిన పెన్ను.

అధికారిణి ఫైలు తిరగేసింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే ఇంకా భయంగా ఉంది. ఒక్కొక్కటే అడిగింది. పిల్లలందరి జవాబూ ఒక్కటే ఎందుకుంది? పక్కన అంకెలు ఎందుకున్నాయి? కాపలా టీచరు కూడా అంకెల గురించి రాశారు, అవేమిటి?

టీచరు తన పద్ధతి చెప్పింది. గదిలో పిల్లలు ఉన్నప్పుడు అంత తేటగా ఉండే సంగతి ఇక్కడ చెబుతుంటే తనకే కట్టుకథలా వినిపించింది.

"జవాబు కథలో లేకపోతే లేదు అని రాయమన్నాను మేడమ్. అంతే చెప్పాను."

"కానీ జవాబు ఉంది కదా."

"ఆ కథ నేను చూడలేదు. ఒక్కసారి చూపిస్తారా?"

అధికారిణి సొరుగులోంచి తన దగ్గరున్న ప్రశ్నపత్రం తీసి ఇచ్చింది. మీద ఒక బొమ్మ: నది, కట్టేసిన పడవ, నల్లమబ్బులు, మెరుపు. దాని కింద కథ పేరు, 'ఆఖరి పడవ'. దాని కింద కథ. ప్రశ్నలు వెనక పేజీలో.

ఆమె వేలు పెట్టి చదివింది. సాయంత్రం రేవులో పదిమంది ఎదురు చూస్తున్నారు. పడవవాడు పడవని గుంజకి కట్టేసి తెడ్డు భుజాన వేసుకున్నాడు. అందరూ బతిమాలారు. ఒక ముసలాయన తన గొడుగు ఇచ్చేస్తానన్నాడు. పడవవాడు తల అడ్డంగా ఊపాడు. అందరూ అతన్ని తిట్టుకుంటూ గట్టు మీదే కూలబడ్డారు.

వేలు ఇంకా కిందికి జారింది. అక్కడ ఇంకో రెండు లైన్లు ఉన్నాయి.

'పడమటి దిక్కున మెరిసిన మెరుపుని పడవవాడు ఎప్పుడో చూశాడు.'

'తుఫాను వస్తోందని అతనికొక్కడికే తెలుసు.'

ఉంది. స్పష్టంగా, నల్లగా, ఆమె వేలి కిందే ఉంది.

పిల్లలు వెతకలేదు. చివరిదాకా చూశామని కళ్లలోకి చూసి చెప్పారు, చూడలేదు. రెండుసార్లు చూశానన్న చీమ కూడా. ఏడాదంతా వాళ్లకి చూడటం నేర్పాననుకుంది.

హెడ్మాస్టరు ఎప్పుడు లేచాడో, టైపు కాగితం ఆమె ముందు ఉంది. పెన్ను ఆమె వేళ్ల మధ్యకి వచ్చింది. "పెట్టెయ్యండమ్మా," అన్నాడు. "మేడమ్ పెద్ద మనసుతో చూస్తారు."

ఆమె పెన్ను కాగితం మీద ఆనించింది. ఆనించి ఆగింది. ధైర్యం వల్ల కాదు. అలవాటు వల్ల. చదవని కాగితం గురించి ఆమె ఏ మాటా అనదు. ఇంకా చదవని కాగితాలు ముప్ఫై ఒకటి ఆ ఫైల్లో ఉన్నాయి.

"సంతకం ముందు మా పిల్లల జవాబులు ఒక్కసారి చూడొచ్చా మేడమ్?"

అధికారిణి గోడ గడియారం వంక చూసి, ఫైలు ఆమె వైపు తిప్పింది.

మొదటిది. నాలుగో ప్రశ్న. 'లేదు. 1 నుంచి 14 దాకా చూశాను.' రెండోది. 'లేదు. 1 నుంచి 14 దాకా చూశాను.' మూడోది, నాలుగోది. ప్రతి దాని మీదా ఎర్ర సున్నా. పదో కాగితం దగ్గర ఆమె వేలు నెమ్మదించింది. పద్నాలుగు. అందరూ పద్నాలుగే. పక్కనున్న అధికారిణి పేపరు మీదికి చూపు వెళ్లింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. పదహారు.

ఒకడు బద్ధకిస్తే పద్నాలుగు దగ్గర ఆపుతాడు. పదిమందీ సరిగ్గా అదే లైను దగ్గర ఎందుకు ఆపుతారు?

"మేడమ్," అంది. "ఇందులో పదహారు లైన్లున్నాయి. మా పిల్లలకి పద్నాలుగే ఉన్నాయి. వాళ్ల పేపర్లో చివరి రెండు లైన్లూ పడలేదు."

హెడ్మాస్టరు నిట్టూర్చాడు. అధికారిణి కళ్లద్దాలు పెట్టుకుని కాగితాలు తిప్పింది.

"లేదా మీరే పద్నాలుగు అని రాయమన్నారు. అలా అయినా అందరూ అదే రాస్తారు కదా." కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఒకదాని దగ్గర ఆగింది. "ఇదిగో, ఈ పిల్ల పదిహేను దాకా చూశానని రాసింది. మెరుపు సంగతి పదిహేనో లైన్లోనే ఉంది. మరి ఈ పిల్లకి ఆ లైను పడిందా, పడలేదా?"

చేతిరాత చూడగానే ఆమెకి తెలిసిపోయింది. చీమలు పాకినట్టు ఉండే చిన్న అక్షరాలు. పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల మానుకోని పొరపాటు బల్ల మీద ఆమెకోసమే కాచుకుని కూర్చుంది.

"ఆ పిల్ల కథ పేరుని కూడా లైనుగా లెక్కపెడుతుంది మేడమ్. ఎన్నిసార్లు చెప్పినా వినదు. మిగతా జవాబులు చూడండి. మొదటి ప్రశ్నకి అందరూ మూడో లైను అని రాశారు. అది నాలుగు అని రాసింది."

అధికారిణి చూసింది. నాలుగు.

"రెండో ప్రశ్నకి అందరిదీ ఆరు. దానిది ఏడు అయి ఉండాలి."

ఏడు.

"మూడో ప్రశ్నకి అందరిదీ పది."

"పదకొండు," అంది అధికారిణి తనే. "అంటే పదిహేను అంటే పద్నాలుగు."

"నేను చెప్పి రాయించి ఉంటే అందరిదీ ఒకటే అంకె ఉండేది మేడమ్. ఈ పిల్ల తన కళ్లతో లెక్కపెట్టుకుంది. తన పొరపాటు తనే చేసింది."

అధికారిణి పెన్సిల్ బల్ల మీద రెండుసార్లు తట్టి, ఈ బడి ప్రశ్నపత్రాల మూట ఎక్కడుందని గుమాస్తాని అడిగింది.

గుమాస్తా నీళ్లు నమిలాడు. రాసేసిన ప్రశ్నపత్రాలన్నీ కింద షెడ్డులో ఉన్నాయన్నాడు. వాటిని తీసుకుపోయే కాగితం మిల్లు లారీ ఇవాళ పన్నెండింటికి వస్తుందన్నాడు. తర్వాత మెల్లగా, ఇందాక హారన్ వినబడినట్టుంది అన్నాడు.

గడియారం పదకొండూ నలభై రెండు.

టీచరు అనుమతి అడగలేదు. మెట్ల మీద చెప్పు తెగితే రెండోది కూడా అక్కడే వదిలేసింది. వెనక గుమాస్తా, ఆ వెనక కళ్లద్దాలు పట్టుకుని అధికారిణి. షెడ్డు ముందు లారీ వెనక తలుపు దించి ఉంది. ఇద్దరు మనుషులు మూటలు విసురుతున్నారు. సగం లారీ నిండింది.

ఆపమని గుమాస్తా కేకేశాడు. వాళ్లు ఆగి, ఈవిడెవరు వట్టి కాళ్లతో అన్నట్టు చూశారు. ప్రతి మూట మీదా బడి నంబరు ఉంది. ఆమె షెడ్డులో మిగిలినవి చూసింది. లేదు. లారీ ఎక్కింది. మూటలు పక్కకి తోస్తుంటే పురికొసలు అరచేతుల్లో గీసుకున్నాయి. పై వరస, లేదు. రెండో వరస, లేదు. కింది వరసలో, ఇంకో రెండు మూటల బరువు కింద, సగం చిరిగిన చీటీ. నంబరులో చివరి రెండు అంకెలే కనబడుతున్నాయి.

లాగింది. సీలు అలాగే ఉంది.

దాన్ని అధికారిణి తన చేతులతోనే తెంపింది. పైనున్న ప్రశ్నపత్రం తీసి, పై అంచులు కలిపి తన పేపరు మీద పెట్టింది. కింద రెండు వేళ్ల వెడల్పు తక్కువ. ఆ పక్కది తీసింది, అదీ అంతే. మూటంతా అంతే. ప్రెస్సులో ఈ ఒక్క కట్టని కోసేటప్పుడు ఎవరి చెయ్యి జరిగిందో ఏమో, అడుగున రెండు లైన్లు తెగిపోయాయి. పద్నాలుగో లైను చక్కగా పూర్తయిన వాక్యం కావడంతో తెగిన సంగతి ఎవరికీ తోచలేదు. వెనక పేజీలో అడుగున ఖాళీయే కాబట్టి అక్కడా తెలియలేదు.

లైన్ల పక్కన పెన్సిల్ అంకెలు ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. అధికారిణి వాటి వెంట వేలు జరుపుకుంటూ కిందికి వచ్చింది. ఆ వేలు పద్నాలుగు దాటింది, కాగితం అంచు దాటింది, గాలిలో ఆగింది.

లేనిదానికి వేలెక్కడ పెట్టాలో టీచరుకి అప్పుడు కనబడింది.

ఊపిరి పూర్తిగా వదలకముందే అధికారిణి తల ఎత్తింది. "బీ సెక్షన్ పత్రాలు కూడా ఈ మూటలోవేనా?"

అవునన్నాడు గుమాస్తా.

"అంటే వాళ్లవీ తెగినవే. అయినా ఇరవై తొమ్మిది మందీ తుఫాను అని రాశారు. పేపర్లో లేని జవాబు వాళ్లకి ఎవరు చెప్పారు?"

అప్పుడే మెట్లు దిగి వచ్చిన హెడ్మాస్టరు ఆ మాట విన్నాడు. బీ సెక్షన్ టీచరు ఈవిడ ఆడపడుచేనని, ఒకే ఇంట్లో ఉంటారని, కావాలంటే ఆవిణ్ణి పిలిపిస్తానని గబగబా చెప్పాడు. నిన్నటి నుంచి ఆమె మెడ మీదున్న కత్తి ఒక్క క్షణంలో వదిన మెడ మీదికి మారింది. నోరు మూసుకుని ఇంటికి పోవచ్చు. నిన్న సాయంత్రం తను అన్న మాటే ఇప్పుడు ఆఫీసు అంటోంది.

"వాళ్ల జవాబులు కూడా చూద్దాం మేడమ్," అంది.

మళ్లీ రెండో అంతస్తుకి ఎక్కి ఆ ఫైలు విప్పించింది. ఒకడు 'తుఫాను' అని రాశాడు. ఇంకోడు 'వాన'. ఒక పిల్ల 'పిడుగు పడుతుందని'. ఇంకో పిల్ల 'మబ్బులు పట్టాయి'. 'మెరుపుకి భయం'. దిద్దినవాళ్లు కీ పక్కన పెట్టుకుని, దగ్గరగా ఉన్నదానికల్లా మార్కు వేసుకుంటూ పోయారు. ఏ జవాబు పక్కనా లైను నంబరు లేదు.

"ఎవరన్నా చెప్పి ఉంటే ఇన్ని రకాలుగా రాయరు మేడమ్. వాళ్లు చూసింది ఇది." ఆమె వేలు పత్రం పైభాగానికి వెళ్లి, నల్లమబ్బుల మీద, మెరుపు మీద ఆగింది. "బొమ్మ చూసి ఊహించారు. ఊహించడం కాపీ కొట్టడం కాదు."

"మరి వాళ్ల మార్కులు ఉంచాలా, తియ్యాలా?"

"అది ఈ కాగితంలో లేదు మేడమ్. మీరే చెప్పాలి."

ఈ బడి వరకు నాలుగో ప్రశ్నని లెక్కలోంచి తీసెయ్యమని అధికారిణి రాసింది. ఆ కిందే, టీచరు మీద ఆరోపణ రుజువు కాలేదు అని రాసి సంతకం పెట్టబోయింది. టీచరు ఆ లైను మీద వేలు పెట్టింది.

"రుజువు కాలేదు అంటే, చేసే ఉంటుంది కానీ దొరకలేదు అనుకుంటారు. పేపరు తెగి ఉందని కూడా రాయండి మేడమ్. అదే కదా మనం చూసింది."

హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవిడ ఒక క్షణం టీచరు ముఖంలోకి చూసి, ఆ వేలు పక్కకి జరిపి, ఇంకో వాక్యం రాసింది. టైపు కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. దాని మీద పెన్ను ఆనించినచోట చిన్న సిరా చుక్క. టీచరు దాన్ని మడిచి తన సంచిలో వేసుకుంది.

సాయంత్రం మెట్లెక్కేసరికి వదిన అక్కడే ఉంది. నిన్నటి దొంతరల్లో ఒకటి ఇంకా అలాగే ఉంది. తలుపు దగ్గరే నిలబడి జరిగిందంతా చెప్పింది, తెగిన పేపరు, లారీ, చీమ, మబ్బులు. వదిన చెయ్యి ఆపకుండా వింది. మబ్బుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగింది.

"అయితే మావాళ్లు చదవలేదన్నమాట," అంది కాసేపటికి. "ఇరవై తొమ్మిది మందీ బొమ్మ చూసి రాశారు. నేనేమో ఒప్పు రాశారని మురిసిపోయాను."

టీచరు అనాల్సింది ఇంకోటి ఉంది. "నిన్న నేను అన్నది తప్పు వదినా. మనసులో పెట్టుకోకండి. నిజంగా బాధపడుతున్నాను."

"ఎక్కడుంది?" అంది వదిన, తల ఎత్తకుండా.

టీచరు లోపలికి వచ్చి వదిన చేతిలోంచి ఇస్త్రీపెట్టె తీసుకుంది. మిగిలిన దొంతరని తన వైపు లాక్కుంది. వదిన కుర్చీలో కూర్చుని, బీ సెక్షన్ పుస్తకాల కట్ట ఒళ్లో పెట్టుకుని, పెన్సిల్ కోసం వెతుక్కుంది.